భోగనందీశ్వరుని గుడి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



గూళూరు, బాగేపల్లి, చింతామణి వైపు నుండి వచ్చిన కుటుంబాలు మన సంఘంలో చాలా ఉన్నవి. సెలవులకు ఊరికి పోయినప్పుడు పిల్లలను నందికొండకు తీసుకుపోనివారు అరుదు. పైన గాలి తిని, కోటను, టిప్పు వేసవి విడిదిని చూచి దిగివస్తారు. కొండ కింద నంది గ్రామంలో ఉన్న భోగనందీశ్వరుని గుడిలో మాత్రం ఎక్కువ సేపు నిలువరు. ఆ గుడిని గురించే నాలుగు మాటలు చెప్పదలచాను.

రైల్వే గుమాస్తాను గనుక దారి ముందు చెబుతాను. బెంగుళూరు–చిక్కబళ్ళాపురం లైనులో నంది హాల్టు అని చిన్న స్టేషను ఉంది. అక్కడ దిగితే గుడి దగ్గరే.

ఆవరణ సుమారు 370 అడుగుల పొడవు, 250 అడుగుల వెడల్పు. తూర్పు ముఖంగా రెండు పెద్ద గుళ్ళు, అక్కచెల్లెళ్ళవలె ఒకే పోలికతో ఉంటవి. దక్షిణాన అరుణాచలేశ్వరుడు, ఉత్తరాన భోగనందీశ్వరుడు. ఒక్కొక్క గుడి ముందు ఒక నంది మంటపం. గోడలకు రాతి జాలకాలు. ఒకదానిలో నాట్యమాడే శివుడు, ఇంకొకదానిలో మహిషం తలపై నిలిచిన దుర్గ. వెలుతురు కోసం పెట్టిన కిటికీకి ఇంత పని చేశారే అనిపిస్తుంది. అరుణాచలేశ్వరునిది బాల్యమనీ, భోగనందీశ్వరునిది యౌవనమనీ, కొండమీది యోగనందీశ్వరునిది వైరాగ్యమనీ అక్కడివారు చెబుతారు.

806 నాటి శాసనంలోనే ఈ గుడి ప్రస్తావన ఉంది. చైనా దేశంలో షాన్సీ ప్రాంతాన 782 నాటి నాన్‌చాన్ గుడి, 857 నాటి ఫోగువాంగ్ గుడి నేటికీ నిలిచి ఉన్నవి. అంటే మన గుడీ వాటి ఈడుదే. అవి కొయ్యతో కట్టినవి. మేకులతో పని లేకుండా ఒకదానిలో ఒకటి దూర్చిన కొయ్యచేతులు బరువైన చూరును మోస్తవి. మనవారు ఆ పనిని రాతితో చేశారు. స్తంభం తలపై అడ్డరాయి, దానిపై దూలం, ఆపైన వంపు తిరిగిన చూరు. రాయి అని తెలిసి కూడా వడ్రంగి పని అనుకుంటాము.

మన పిల్లలు అడుగుతుంటారు: "మన ఊరు కర్ణాటకలో ఉంది గదా, మనం తెలుగువాళ్ళం ఎట్లా అయినాము?" ఆ ప్రశ్నకు ఇంట్లో కూర్చుని జవాబు చెప్పడం కష్టం. ఈ గుడిలో నిలబెట్టి చెప్పడం సులభం. నొలంబులు, బాణులు, చోళులు, హొయసలులు, విజయనగరంవారు ఒకరి తరువాత ఒకరు వచ్చారు. ముందటివారి రెండు గుళ్ళను పడగొట్టలేదు. నడుమ మిగిలిన జాగాలోనే ఉమామహేశ్వరుని చిన్న గుడి ఇమిడింది. దాని ముందరి కల్యాణ మంటపానికి నాలుగు నల్లరాతి స్తంభాలు. వాటిమీద తీగలు, చిలుకలు. మొత్తం మీద నాకు అన్నిటికంటె నచ్చింది అదే. పక్క గుళ్ళకు అడ్డం రాకుండా, వాటికంటె అందంగా ఉంది.

ఉత్తరపు వైపు శృంగి తీర్థమనే కోనేరు ఉంది. దక్షిణ పినాకిని అక్కడే పుట్టిందని నమ్మకం. మెట్లు చాలా ఉన్నవి, చిన్నపిల్లల చేయి వదలకండి. శివరాత్రికి రథోత్సవం జరుగుతుంది. జనం ఎక్కువ, ఆనాడు శిల్పం చూడటం కుదరదు. మామూలు రోజున, ఎండ ముదరకముందే పోండి.