ఐదు రోజుల్లో రెండు ఉత్తరాలు
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా స్వాతంత్ర్య పోరాటం గురించి మీరు పాఠాల్లో చదివే ఉంటారు. టీ పెట్టెలు సముద్రంలో పారవేయడం, 1776 ప్రకటన, వాషింగ్టన్ సైన్యం మీకు తెలిసినవే. పాఠాల్లో అంతగా కనిపించని ఒక విషయం ఈ రోజు మనవి చేస్తాను. స్వేచ్ఛ కోసం పోరాడిన ఆ ప్రజల్లోనే కాథలిక్కుల పట్ల గట్టి ద్వేషం ఉండేది.

వారిలో అత్యధికులు ప్రొటెస్టంట్లు. బోస్టన్‌లో ఏటా నవంబరు 5న పోపు దిష్టిబొమ్మను ఊరేగించి తగులబెట్టేవారు. మేరీలాండ్‌లో 1718 నుంచి కాథలిక్కులకు ఓటు లేదు. సొంత బడి నడుపుకోవడానికీ చట్టం ఒప్పుకోలేదు. స్తోమతు ఉన్నవారు పిల్లలను ఓడెక్కించి ఫ్రాన్సుకు పంపేవారు. చార్లెస్ కరోల్ అలాగే చిన్నతనంలో వెళ్ళి, 1765లో తిరిగి వచ్చాడు. చదువూ ఆస్తీ ఎంత ఉన్నా అతనికి ఓటు లేదు, వకీలుగా పనిచేసే వీలూ లేదు.

1774లో బ్రిటిష్ పార్లమెంటు క్విబెక్ చట్టం చేసింది. కెనడాలోని ఫ్రెంచి కాథలిక్కులు తమ మతాన్ని పాటించుకోవచ్చని, పదవులు చేపట్టవచ్చని చెప్పింది. వలసలవారు మండిపడ్డారు. ఒహాయో ప్రాంతాన్ని క్విబెక్‌లో కలిపారన్న కోపం కొంత, మతద్వేషం మరికొంత.

ఆ అక్టోబరు 21న వలసల కాంగ్రెసు బ్రిటన్ ప్రజలకు ఒక విజ్ఞప్తి పంపింది. కాథలిక్ మతం బ్రిటన్ దీవిని నెత్తుటితో ముంచిందని, లోకమంతా హత్యలను వ్యాపింపజేసిందని అందులో రాశారు. అక్టోబరు 26న అదే కాంగ్రెసు క్విబెక్ ప్రజలకు మరో ఉత్తరం రాసింది. మతభేదం మన స్నేహానికి అడ్డు కాదు, స్విట్జర్లాండ్‌లో రెండు మతాలవారూ కలిసి ఉండటం లేదా, మాతో చేరండి అని దాని సారాంశం. మధ్య ఐదే రోజులు! మొదటి ఉత్తరం సంగతి కెనడావారికీ తెలిసింది.

1775 నవంబరు 5న వాషింగ్టన్ తన సైనికులు పోపు బొమ్మ తగులబెట్టకుండా ఆజ్ఞ జారీ చేశాడు. కెనడావారి స్నేహం కోరుతూ వారి మతాన్ని అవమానించడం తెలివితక్కువ పని అన్నాడు. 1776లో ఫ్రాంక్లిన్‌తో పాటు కరోల్‌ను, అతని బంధువైన జాన్ కరోల్ అనే ఫాదరీని మాంట్రియల్‌కు రాయబారం పంపారు. ఫలితం దక్కలేదు. సైన్యం అప్పటికే ఓడింది, వారి కాగితపు డబ్బును అక్కడ ఎవరూ పుచ్చుకోలేదు. కానీ నమ్మకం అంతకుముందే పోయింది. కెనడా వారితో కలవలేదు.

ఆ ఏడాదే కరోల్ స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేశాడు. 56 మందిలో కాథలిక్ అతనొక్కడే. మేరీలాండ్ కొత్త రాజ్యాంగం అతనివంటివారికి హక్కులిచ్చింది. న్యూజెర్సీలో మాత్రం పదవులు ప్రొటెస్టంట్లకే అన్న నిబంధన 1844 వరకు సాగింది.

విద్యార్థులారా, మనం తరతరాలుగా వేరే భాషలవారి మధ్య, అన్ని మతాలవారితో బతుకుతున్నవాళ్ళం. ఎదురుగా ఒక మాట, చాటున ఒక మాట అన్నవారిని అవసరం వచ్చినప్పుడు ఎవరూ నమ్మరు. తల్లిదండ్రులకు ఒక మనవి. భోజనాల దగ్గర పొరుగువారి మతం గురించి మనం అనే మాట పిల్లలు వింటారు, రేపు బడిలో దాన్నే అంటారు.