అర హార్స్‌పవర్

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

పూర్వ విద్యార్థులందరికీ, ముఖ్యంగా వెనక వరసలో కూర్చుని ఇప్పటికే గడియారం చూసుకుంటున్న మా 1986 బ్యాచి వాళ్లకు నమస్కారం.

నన్ను నా ఉద్యోగం గురించి మాట్లాడమన్నారు. నాది పంపుల పరీక్ష. ఒక పంపు ఎంత నీటిని, ఎంత ఎత్తుకి, ఎంతసేపట్లో ఎక్కిస్తోందో కొలిచి కాగితం మీద సంతకం పెట్టడం. ముప్ఫై ఏళ్లుగా అదే పని. దాని గురించి పది నిమిషాలు చెబితే మీరంతా భోజనాల దగ్గర తేలతారు. అందుకని సైకిలు గురించి చెబుతాను. చివరికి అదీ పంపు లెక్కలోకే వస్తుంది, ముందే క్షమాపణ చెప్పుకుంటున్నాను.

తొమ్మిదో తరగతిలో మా సైన్సు మాస్టారు మమ్మల్ని రేషన్ షాపుకి తీసుకెళ్లి బియ్యం కాటా మీద తూచారు. తర్వాత బడి మేడమెట్ల కింద నిలబెట్టి, చేతిగడియారం చూస్తూ ఒక్కొక్కరినీ పైకి పరుగెత్తించారు. బరువుని ఎత్తుతో హెచ్చవేసి, 9.8తో మళ్లీ హెచ్చవేసి, సెకన్లతో భాగిస్తే మన పవరు వాట్లలో వస్తుంది. నేను 38 కేజీలు, మెట్లు మూడున్నర మీటర్లు, పట్టింది నాలుగు సెకన్లు. 326 వాట్లు! క్లాసులో ఫస్టు. ఒక హార్స్‌పవర్ 746 వాట్లు కాబట్టి దాదాపు అర గుర్రం. నేను కాలరు ఎగరేస్తుంటే మాస్టారు, "సరేరా, ఇదే ఊపులో గంటసేపు ఎక్కు, చూద్దాం" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఎక్కగలనేమో అని లోపల ఒక మూల ఉండిపోయింది.

యాభయ్యో ఏట షుగరు వచ్చిందని డాక్టరు గారు చెప్పినప్పుడు ఆ మూల మళ్లీ కదిలింది. హైదరాబాదు రోడ్ల మీద సైకిలు తొక్కే ధైర్యం లేక 2021లో ఇండోర్ ట్రైనర్ కొన్నాను. సైకిలు వెనక చక్రం తీసేసి, చైన్‌ని ఆ యంత్రానికున్న పళ్లచక్రానికి తగిలిస్తాం. లోపల ఒక ఫ్లైవీలు, దాన్ని బిగబట్టే విద్యుదయస్కాంతం ఉంటాయి. ఎదురుగా తెర మీద కొండదారి కనిపిస్తుంది. అక్కడ ఎగుడు పెరిగితే ఇక్కడ పెడలు బరువెక్కుతుంది. ఎన్ని వాట్లు తొక్కుతున్నామో అంకె పడుతూనే ఉంటుంది. గదిలో ఎదురుగాలి ఉండదు కాబట్టి చెమట ఆరదు. పెడస్టల్ ఫ్యాను, రెండు తువాళ్లు, కింద పాత దుప్పటి. గంటన్నర తర్వాత మా ఆవిడ తలుపు తీసి, "ఎందాకా వెళ్లొచ్చారు?" అని అడుగుతుంది.

ఫ్రాన్సులో ఆల్ప్ డ్యుయెజ్ అని 21 మలుపుల కొండదారి ఉంది. టూర్ డి ఫ్రాన్స్ పోటీలతో పేరొచ్చిన దారి. జ్విఫ్ట్ అనే యాప్‌లో దానికొక నకలు పెట్టారు, 1,036 మీటర్లు ఎక్కాలి. మేటి ప్రొఫెషనల్స్ ఇలాంటి కొండ మీద శరీర బరువులో కేజీకి ఆరు వాట్ల చొప్పున తొక్కుతారు. 65 కేజీల మనిషైతే 390 వాట్లు. మన ఇళ్లలో మేడ మీది ట్యాంకుకి నీళ్లెక్కించే అర హెచ్‌పీ మోటారు కంటే ఒక పిసరు ఎక్కువ. నలభై నిమిషాల్లోపే పైనుంటాడు. అదీ పొద్దుటి నుంచి వేరే కొండలు ఎక్కి దిగి వచ్చాక. మర్నాడు మళ్లీ పోటీ.

నాకు గంటా నలభై నిమిషాలు పట్టింది. 78 కేజీలు, సగటున 160 వాట్లు. కేజీకి రెండు. అంటే రెండు సీలింగు ఫ్యాన్లు తిప్పగలను. ఆ 390 ఎలా ఉంటుందో చూద్దామని ఒకరోజు ప్రయత్నించాను. 41 సెకన్లు. తర్వాత దుప్పటి మీద పడుకున్నాను. (ఇక్కడున్నవాళ్లలో చాలామందికి యాభై దాటాయి. ముందు గుండె పరీక్ష చేయించుకోకుండా ఈ పని చెయ్యకండి. నేను చేయించుకున్నాను.)

అసలు ఇంతదూరం ఉందని తెలిశాక ఊరుకోవాలి కదా. కానీ జే వైన్ అనే ఆస్ట్రేలియా కుర్రాడు 2020లో జ్విఫ్ట్ వాళ్ల ఎంపిక పోటీలో నెగ్గి ప్రొఫెషనల్ జట్టులో చేరాడు, 2022 స్పెయిన్ టూర్‌లో రెండు పర్వత దశలు గెలిచాడు. అది చదివాక నా అంకెలు ఇంకొంచెం బాగుంటే బాగుండుననిపించింది. నాతోపాటు తొక్కే మా ఆఫీసు కుర్రాళ్ల గ్రూపు కూడా ఒకటుండేది. యాప్‌లో బరువు మనమే నింపుకోవాలి. 78 తీసి 75 వేశాను, ఎలాగూ తగ్గుతాను కదా అని. తర్వాత 72. ఆ తర్వాత 68. అదే కాళ్లు, అవే 160 వాట్లు, టైము మాత్రం గంటా ఇరవై ఏడు. పదమూడు నిమిషాలు మిగిలాయి. "సార్, మీ వయసులో!" అని కుర్రాళ్లు మెచ్చుకున్నారు. నేను థాంక్స్ కూడా చెప్పాను.

సరిగ్గా ఆ వారమే ఒక పంపుల సరఫరాదారు పరీక్ష కాగితాలు నా బల్ల మీదికొచ్చాయి. నీటి కొలతలు కొంచెం పెంచి రాశారు. వాళ్ల తరఫున వచ్చిన కుర్రాడికి మా అబ్బాయి వయసుంటుంది. "మూడు శాతమే కదా సార్" అన్నాడు. మూడు శాతమంటే ఏమిటో, ఆయకట్టు చివరి రైతు దగ్గరికొచ్చేసరికి అది ఏమవుతుందో అరగంట క్లాసు పీకాను. కాగితాలు వెనక్కి పంపాను. సాయంత్రం ఇంటికొచ్చి, బూట్లు కట్టుకుని, ట్రైనర్ ఎక్కి, తెర మీద '68 కేజీలు' చూశాను. 78లో పది. దాదాపు పదమూడు శాతం.

ఆ రోజు తొక్కలేదు. బాత్రూంలో తూకం వేసుకుని ఎంతుంటే అంతా నింపాను. గ్రూపులో రాయడానికి ఇంకో రెండు రోజులు పట్టింది, అది మాత్రం ఆ 41 సెకన్ల కంటే కష్టం. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకడు, "సార్, నాదీ నాలుగు కేజీలు తేడా ఉంది" అని రాశాడు. ఇంకొకడు గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ఎందుకో నేను అడగలేదు.

మాస్టారు ఈ సభకి రాలేకపోయారు. నిన్న ఇంటికెళ్లి కలిశాను. కాటా సంగతి ఆయనకి గుర్తులేదు. నా లెక్కంతా విని, "ఫ్రాన్సువాడు గంట ఎక్కుతాడా మరి?" అని మాత్రం అడిగారు. నలభై నిమిషాలండీ అన్నాను. "అయితే వాడూ ఫెయిలే" అని నవ్వారు.

పోయిన నెల, నిజంగానే 73 కేజీలతో, 168 వాట్లతో ఆ కొండ ఎక్కాను. గంటా ఇరవై ఎనిమిది నిమిషాలు. దొంగ టైముకి ఇంకా ఒక్క నిమిషం తక్కువే ఉన్నాను. దసరాలోపు చూడాలి.

రేపు పొద్దున్న అయిదున్నరకి స్కూలు గేటు దగ్గర నుంచి కాలవ గట్టు మీదుగా లాకుల దాకా వెళదామని మా బ్యాచి వాళ్లం అనుకుంటున్నాం. అద్దె సైకిళ్లు ఎనిమిది దొరికాయి, ఇంకా నాలుగు కావాలి. ఇంట్లో సైకిలున్నవాళ్లు భోజనాల దగ్గర నాకు చెప్పండి. గాలి కొట్టే పంపు నేను తెస్తాను.