కొర్రమీను పిల్లను చెరువులో ఎత్తుకురావద్దు, హేచరీలో పుట్టిద్దాం
(మత్స్య సహకార సంఘాల సభ్యుల కోసం ప్రసంగ పాఠం)



మృగశిర కార్తె వచ్చిందంటే కొర్రమీనుకు ఎంత గిరాకీ ఉంటదో మీకు చెప్పనక్కర్లేదు. మన తెలంగాణ రాష్ట్ర చేప కూడా అదే. కానీ తొలకరి పడే ఆ రోజులే అది గుడ్లు పెట్టే కాలం. ఒడ్డు గడ్డిలో గుడ్లు పెట్టి, ఎర్రటి పిల్లల గుంపుకు పెద్ద చేపలు కాపలా కాస్తాయి. ఆ కాపలా చేపను గాలం వేసి పట్టేస్తే గుంపంతా వేరే చేపలకు మేతే. గుంపును వలతో ఎత్తి కుంటలో పోసుకుంటే వచ్చే ఏటికి చెరువులో ఏం మిగులుతుంది?

దారి ఉంది. 1957లో ఒడిశాలో డాక్టర్ హీరాలాల్ చౌధురి పిట్యూటరీ ఇంజెక్షన్‌తో కార్ప్ చేపల చేత గుడ్లు పెట్టించారు. ఇప్పుడు రోహు పిల్ల కోసం ఎవరూ నది వైపు చూడరు. కొర్రమీనుకూ అదే జరగాలి.

పద్ధతి ఇది:

1. తల్లి చేపలను సీజన్‌కు ముందే, వేర్వేరు చెరువుల నుంచి కొన్ని కొన్నే తెచ్చుకోండి. ఒకే గుంపు చేపలను జత కడుతూ పోతే పిల్ల బలహీనపడుతుంది.
2. ఆడ, మగ చేపలకు తూకాన్ని బట్టి హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి, నీటి మొక్కలున్న తొట్టిలో వదలాలి. పైన వల తప్పనిసరి, ఎగిరి దూకుతాయి. నీటికి, వలకు మధ్య ఖాళీ ఉంచండి, పైకొచ్చి గాలి పీల్చాలి.
3. గుడ్లు నీటిపై తేలుతాయి. సుమారు ఒక రోజులో పిల్లలవుతాయి.
4. మొదట ప్లాంక్టన్, తర్వాత మెల్లగా గుళికల మేత అలవాటు చేయాలి.
5. పెద్ద పిల్ల చిన్న పిల్లను మింగేస్తుంది. సైజుల వారీగా వేరు చేస్తూనే ఉండాలి. నష్టపోయేది ఎక్కువగా ఇక్కడే.

ఇక డబ్బు సంగతి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో మంచినీటి చేపల హేచరీ యూనిట్ ధర 25 లక్షలు. ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం, అంటే 15 లక్షల వరకు సబ్సిడీ. మిగతావారికి 40 శాతం, 10 లక్షల వరకు. మిగిలింది మీ వాటా, లేదా బ్యాంకు లోన్.

ఈ ఏడాది దరఖాస్తులు తీసుకుంటున్నారా, ఏ కాగితాలు కావాలి అన్నది జిల్లా మత్స్యశాఖ ఆఫీసులో ముందే కనుక్కోండి. భూమి పత్రాలు, ప్రాజెక్టు రిపోర్టు సిద్ధం చేసుకోండి. మంజూరు చేతికి రాకముందే తొట్లు కట్టడం మొదలుపెట్టకండి.

హేచరీ పెట్టలేని సంఘం కూడా ఒక పని చేయొచ్చు. పిల్లల గుంపు కనబడిన చోట గాలం వేయొద్దని తీర్మానం చేసుకోండి. దానికి ఏ సబ్సిడీ అక్కర్లేదు.