దాచుకొన్న చదువు

ఎప్పుడో చదువుదామని పక్కకు పెట్టిన పుస్తకాల దొంతర లేని ఇల్లు చదువుకొన్నవారి ఇళ్లలో అరుదు. జపాను వారు ఈ అలవాటుకు ఒక పేరే పెట్టుకొన్నారు. 'త్సుందోకు' అంటే పుస్తకాలు కొని, చదువకుండా పేర్చి ఉంచడం. ఇంతకాలమూ ఈ వ్యసనానికి రెండు కళ్లేలు ఉండేవి. ఒకటి డబ్బు, రెండవది అలమరలో చోటు. ఇప్పుడు ఆ రెండూ ఊడిపోయినవి. చేతిలోని ఫోనులో ఒక చిన్న గుర్తును వ్రేలితో తాకితే చాలు, వ్యాసం భద్రమైపోతుంది. ఖర్చు లేదు, చోటు పట్టదు, దుమ్ము పడదు, ఇంట్లోవారు సణగరు.

ఇట్లా దాచుకొనేవాటిలో కథలూ నవలలూ తక్కువ. చదువుకొనే పద్ధతులు, కాలాన్ని పొదుపుగా వాడి పని ముగించుకొనే ఉపాయాలు, నిద్ర, ఆహారం, వ్యాయామం, మనశ్శాంతి - వీటిని గూర్చిన వ్రాతలే ఎక్కువ. ఈ మూడు తరగతులకూ ఒక సామాన్య లక్షణం ఉన్నది. ఇవన్నీ ఆచరణ కోసం పుట్టిన వ్రాతలు. ఒక మంచి కథను పది సంవత్సరాల తరువాత చదివినా కథకు లోటు లేదు, చదివేవారికీ లోటు లేదు. కాని వేళకు నిద్రపోవడం ఎట్లాగో చెప్పే వ్యాసాన్ని అర్ధరాత్రి పన్నెండు గంటలకు వెదకి పట్టి, దానితోబాటు మరి నాలుగింటిని దాచుకొని, ఒంటిగంటకు దీపం ఆర్పేవారిని ఏమనాలి? చదివేస్తే ఉన్న మతి పోయిందని మన పెద్దలు అన్నది ఇటువంటి సందర్భాన్ని చూచే కాబోలు.

ఈ విషయాలలో అసలు సారం చాలా చిన్నది. ఇటలీ దేశస్థుడు ఫ్రాంచెస్కో చిరిల్లో 1980ల చివరి భాగంలో విద్యార్థిగా ఉన్నప్పుడు, చదువు మీద మనసు నిలువక, వంటింటిలో వాడే చిన్న గడియారాన్ని ముందు పెట్టుకొని కూర్చున్నాడు. అది టమాటా ఆకారంలో ఉండేది. ఇటాలియను భాషలో టమాటాను 'పొమొదోరో' అంటారు. ఆ పద్ధతికి అదే పేరు నిలిచిపోయినది. 25 నిమిషాలు ఒకే పని, 5 నిమిషాలు విశ్రాంతి. ఇట్లా నాలుగు విడతలు గడిచిన తరువాత కొంచెం ఎక్కువ విశ్రాంతి. పద్ధతి యావత్తూ ఇంతే. దీనిని గూర్చి పది వ్యాసాలు చదివినవారికి, ఒక్కటి చదివినవారికంటె తెలిసేది ఏమీ ఉండదు. పది రోజులు గడియారం పెట్టుకొని కూర్చున్నవారికి మాత్రం తమను గూర్చి తమకు కొంత తెలుస్తుంది: 25 నిమిషాలు తమకు చాలునా చాలవా, ఎన్నవ నిమిషంలో చేయి ఫోను వైపు పోతున్నది, మొదలైనవి. సంగీతంలో సరళీ వరసలను గూర్చిన గ్రంథాలు పేర్చుకొన్నంత మాత్రాన గొంతు పలుకదు గదా!

వాగ్భటుడు అష్టాంగహృదయంలో సూత్రస్థానపు రెండవ అధ్యాయాన్ని దినచర్యకే కేటాయించాడు. వేకువన లేవడం, పండ్లు తోముకోవడం, ఒంటికి నూనె పట్టించడం, వ్యాయామం, స్నానం - ఇట్లా సాగుతుంది. ఆ శ్లోకాలను వైద్యవిద్యార్థులు కంఠస్థం చేసేవారు. తక్కినవారు అమ్మమ్మ చెప్పినట్లు చేసేవారు. ఈనాడు మనం ఇద్దరిలో ఎవరమూ కాము. కంఠస్థం చేయము, చేసి చూడము, దాచుకొంటాము.

పూర్వులు దాచుకోలేదా అంటే, దాచుకొన్నారు. కాని వారి దాపులో శ్రమ ఉన్నది. అచ్చుయంత్రం రాకముందు ఒక గ్రంథం కావలెనంటే తాటాకు ముందు పెట్టుకొని గంటంతో వ్రాసుకోవలసిందే. నడుమూ మెడా విరిగేట్లు వంగి వ్రాశాను, దీనిని జాగ్రత్తగా కాపాడండి అన్న అర్థంతో లేఖకుడు ప్రతి చివర ఒక మాట చెప్పుకొనే ఆచారం కూడా ఉండేది. సి.పి. బ్రౌను దొర పందొమ్మిదవ శతాబ్దంలో కడపలో పండితులకు జీతాలిచ్చి, తెలుగు కావ్యాల ప్రతులు సేకరించి, ఒకదానితో ఒకటి పోల్చి చూపించి, శుద్ధ ప్రతులు వ్రాయించాడు. ఆయనకు సేకరణ ఒక్కటే పని అయి ఉంటే మనకు మిగిలేది చెదలు తినగా మిగిలిన తాటాకుల గుట్ట. పోల్చడం, దిద్దడం, వ్రాయడం జరిగినందువల్లనే ఆ సేకరణకు విలువ వచ్చినది.

ఐరోపాలో చదువరులు ఉల్లేఖన పుస్తకాలు ఉంచుకొనేవారు. చదివినదానిలో తమకు నచ్చిన భాగాలను, విషయాన్ని బట్టి ఒక పుస్తకంలోకి ఎక్కించుకోవడం అక్కడి విద్యావంతుల అలవాటు. ఇంగ్లీషు తత్త్వవేత్త జాన్ లాక్ ఇటువంటి పుస్తకానికి విషయసూచిక తయారుచేసే పద్ధతిని వివరించి, 1686లో ఫ్రెంచి భాషలో ప్రకటించాడు. ఆయన 1704లో చనిపోయిన తరువాత, 1706లో అది ఇంగ్లీషులో వెలువడినది. పద్ధతి చాలా సులువైనది. ప్రతి శీర్షికకు మొదటి అక్షరాన్ని, దాని తరువాత వచ్చే మొదటి అచ్చును తీసుకొని, ఆ రెండింటిని బట్టి సూచికలో చోటు చూపుతాడు. తెలుగువారికి దీనిలో వింత ఏమీ కనిపించదు. మనం ఓనమాలు దిద్దిన వెంటనే నేర్చే గుణింతమే ఇంచుమించు ఇది! అయినా లాక్ పద్ధతిలో గమనించవలసిన సంగతి సూచిక కాదు. వ్రాసుకొనే ప్రతి ముక్కకూ ఒక శీర్షిక పెట్టవలసి రావడం. శీర్షిక పెట్టాలంటే, ఇది దేనిని గూర్చి, నాకు ఎందుకు అన్న ప్రశ్నకు అక్కడికక్కడే సమాధానం చెప్పుకోవాలి. వ్రేలితో తాకి దాచేటప్పుడు ఆ ప్రశ్న మనలను ఎవరూ అడుగరు.

దాచుకొన్నామన్న భరోసా జ్ఞాపకశక్తిని ఏమి చేస్తుందన్న విషయాన్ని మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు పరీక్షించి చూశారు. 2011లో బెట్సీ స్పారో, ఆమె సహచరులు 'సైన్స్' పత్రికలో ప్రకటించిన పరిశోధనలో ఒక ప్రయోగం ఇటువంటిది. కొందరి చేత చిన్నచిన్న సమాచార వాక్యాలను కంప్యూటరులో టైపు చేయించారు. ఇవి యంత్రంలో భద్రంగా ఉంటాయని సగం మందికి చెప్పారు. తుడిచిపెట్టబడతాయని తక్కినవారికి చెప్పారు. తరువాత అడిగితే, తుడిచిపెట్టబడతాయని నమ్మినవారికే ఎక్కువ జ్ఞాపకం ఉన్నవి. అదే పరిశోధనలోని మరొక ప్రయోగాన్ని ఇతరులు తిరిగి చేసినప్పుడు అదే ఫలితం రాలేదు. కాబట్టి ఒక్క ప్రయోగాన్ని పట్టుకొని ఊగిపోవడం తగదు. అయితే 2014లో లిండా హెంకెల్ ప్రచురించిన ఫలితం కూడా ఇదే దిక్కును చూపుతున్నది. ఒక ప్రదర్శనశాలలోని వస్తువులను ఊరకే చూచినవారికంటె, వాటిని ఫోటో తీసినవారికి ఆ వస్తువులు తక్కువగా జ్ఞాపకం ఉన్నవి. ఆ వస్తువులో ఏదో ఒక భాగాన్ని దగ్గరగా తెచ్చి ఫోటో తీసినవారికి మాత్రం ఈ నష్టం కలుగలేదు. నాకు అన్నిటికంటె రుచించినది ఈ చివరి మాట. దోషం కెమెరాది కాదన్నమాట. ఏ భాగం ముఖ్యమని ఒక్క క్షణం ఆలోచిస్తే దాచడం కూడా చూడడమే అవుతుంది.

హైదరాబాదులో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లినవారు ఆ దృశ్యాన్ని మరువలేరు. అశోక్‌నగర్ ప్రాంతంలో గదులు అద్దెకు తీసుకొని ఉద్యోగపరీక్షలకు చదివే యువతీయువకులు అక్కడి బల్లలను ఉదయం నుంచి రాత్రి వరకూ విడిచిపెట్టరు. తల్లిదండ్రులు పంపే డబ్బు నెలనెలా ఖర్చవుతూ ఉంటుంది. వయోపరిమితి దగ్గరపడుతూ ఉంటుంది. ఇటువంటివారికి చదువును దాచుకోవడం సరదా కాదు, బ్రతుకు సమస్య. మా బంధువుల అమ్మాయి ఒకతె అక్కడ రెండేళ్లుగా చదువుతున్నది. ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు ఫోను చూపించినది. వర్తమాన వ్యవహారాలు, ఆర్థిక సర్వేల సారాంశాలు, జ్ఞాపకశక్తిని పెంచుకొనే మార్గాలు, పరీక్షాభయాన్ని జయించే మార్గాలు - నాలుగు వందల పైచిలుకు వ్యాసాలు ఉన్నవి.

"వీటిలో ఎన్ని చదివావమ్మా?" అని అడిగాను.

"చదవాలి బాబాయ్ గారూ. చూస్తేనే భయం వేస్తున్నది. తీసివేద్దామంటే, పరీక్షలో దానిలోనుంచే ప్రశ్న వస్తుందేమోనన్న భయం ఇంకా ఎక్కువగా ఉన్నది" అన్నది.

ఆ భయాన్ని నేను తేలికగా తీసిపారేయలేను. పోటీదారులు లక్షల్లో ఉండే పరీక్షలో ఒక్క మార్కుతో ఉద్యోగం తప్పిపోయినవారు ఉన్నారు. అయినా లెక్క వేసి చూస్తే, ఆ నాలుగు వందలూ ఆమెకు ఇస్తున్నది సమాచారం కాదు, తీరని బాకీ. అమెరికాలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రకటించిన ప్రయోగాన్ని గూర్చి ఆమెకు చెప్పాను. విద్యార్థులకు ఒక పాఠ్యభాగం ఇచ్చారు. ఒక వర్గం దానిని రెండవసారి చదివినది. రెండవ వర్గం మళ్లీ చదువకుండా, జ్ఞాపకం ఉన్నదంతా కాగితం మీద వ్రాసినది. 5 నిమిషాల తరువాత పరీక్షిస్తే మళ్లీ చదివినవారే ముందున్నారు: 81 శాతానికి 75 శాతం. వారం తరువాత పరీక్షిస్తే తారుమారైనది. వ్రాసి చూచుకొన్నవారికి 56 శాతం, మళ్లీ చదివినవారికి 42 శాతం. చదివిన వెంటనే అంతా వచ్చినట్లు అనిపించడం ఎంత మోసమో ఈ అంకెలు చెప్తాయి.

ఆమె కొంచెం సేపు ఆలోచించి, "అయితే చదివినది మూసివేసి వ్రాయాలన్నమాట. అది కష్టం బాబాయ్ గారూ, వ్రాయబోతే ఏమీ రాదు" అన్నది. రాకపోవడమే అక్కడ జరిగే పని. ఏది రాలేదో తెలిసిన తరువాత పుస్తకం తెరిస్తే, కన్ను తిన్నగా దాని మీదికే పోతుంది.

జ్ఞాపకం నుంచి పైకి తీయడం వల్లనే జ్ఞాపకం గట్టిపడుతుందన్న సంగతి మన అవధానులకు ప్రయోగశాల చెప్పవలసిన పని లేదు. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు ఉంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, ఒకరు అక్షరం అక్షరానికీ నిషేధం పెడతారు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చెప్పుకొంటూ పోయి, మళ్లీ మొదటివారి వద్దకు వస్తాడు. కలం, కాగితం ఉండవు. చివర ధారణ పేరిట పద్యాలన్నిటినీ ఒప్పగిస్తాడు. తిరుపతి వేంకట కవులు ఊరూరా సభలు చేసి ఈ విద్యను తెలుగునాట ప్రతి ఇంటికీ తెలియజేశారు. ఆ ఎనిమిదిమందిలో అప్రస్తుత ప్రసంగి అని ఒకడు ఉంటాడు. అవధాని ఏకాగ్రతను చెడగొట్టడమే ఆయనకు అప్పగించిన పని. మన జేబులోని ఫోను కూడా అదే పని చేస్తున్నది. తేడా ఏమిటంటే, సభలోని అప్రస్తుత ప్రసంగి సభామర్యాద ఎరిగినవాడు. అవధాని చమత్కారంగా బదులు చెప్పగానే నవ్వి ఊరకుంటాడు.

దాచుకొన్నది ఎక్కడికీ పోదన్న నమ్మకం కూడా అంత గట్టిది కాదు. తరువాత చదువుకోవడానికి వ్యాసాలు దాచిపెట్టే 'పాకెట్' అనే సేవ 2007లో వేరొక పేరుతో మొదలై, లోకమంతటా ప్రచారం పొందినది. 2025 జూలై 8న అది మూతపడినది. దాచుకొన్నవాటి జాబితాను దింపుకొనడానికి వాడుకరులకు గడువు ఇచ్చారు. దింపుకొన్నవారికి దక్కినవి వ్యాసాలు కావు, వ్యాసాల చిరునామాలు. ఆ చిరునామాలలో కొన్ని ఇళ్లు అప్పటికే ఖాళీ అయి ఉంటాయి.

ఆరోగ్యాన్ని గూర్చిన సేకరణలో మరొక ప్రమాదం ఉన్నది. వారాల తరబడి నిద్ర పట్టనివారు, ఏ పని మీదా ఆసక్తి లేక మనసు క్రుంగినవారు, వ్యాసం మీద వ్యాసం దాచుకొంటూ వైద్యుని వద్దకు వెళ్లడాన్ని వాయిదా వేస్తూ ఉంటారు. ఏదో చేస్తున్నామన్న తృప్తి వారికి కలుగుతుంది. కాలం మాత్రం గడిచిపోతుంది. అటువంటి స్థితిలో ఉన్నవారు ఇంటిలో ఉంటే, వారికి మరొక మంచి వ్యాసం పంపడం కంటె వెంటబెట్టుకొని ఆసుపత్రికి తీసుకొనిపోవడం మేలు.

సేకరణ మానివేయమని నేను అనడం లేదు. రేడియోలో పనిచేసేవాడు ఆ మాట అనలేడు. కత్తిరించి పెట్టుకొన్న కాగితాలు లేనిదే మాకు రోజు గడవదు. దాచేటప్పుడు ఒక్క వాక్యం, ఇది నాకు ఎందుకు అని, తన సొంత మాటలలో, తేదీ వేసి వ్రాసుకొనడం ఒక మార్గం. ఆ వాక్యం తోచకపోతే దాచడమే అనవసరం. జర్మను సామాజిక శాస్త్రజ్ఞుడు నిక్లాస్ లూమన్ తన జీవితకాలంలో సుమారు 90,000 చీటీలు వ్రాసుకొని, ఒక చీటీ నుంచి మరొక చీటీకి అంకెలతో దారులు వేసుకొన్నాడు. వాటిలో అధికభాగం ఆయన తన ఆలోచనగా మార్చి వ్రాసుకొన్నవే. మనకు అన్ని చీటీలు అక్కరలేదు. ఫోనులో వ్రాస్తే చాలదా అని అడిగేవారికి, చాలుననే నా సమాధానం. కాగితమే కావాలన్న పట్టుదల నాకు లేదు. వెనుకకు తిరిగి చూచుకొనే రోజు ఒకటి ఉండాలి. మా ఇంట్లో అది ఆదివారం ఉదయం. కాఫీ త్రాగి, పత్రికలు వచ్చేలోగా ఆ వారంలో దాచినవాటిని ఒకసారి చూస్తాము. ఎందుకు దాచామో గుర్తులేని వాటిని తీసివేస్తాము. పావుగంటకు మించి పట్టదు.