బేరింగు ఊరికే పోదు

(ఎర్రగడ్డలో కూరగాయల రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



1999లో రైతుబజార్లు మొదలయ్యాక మనకు దళారీ బెడద కొంత తగ్గింది. కానీ ఈ ఎర్రగడ్డ బజారుకు టమాటా, వంకాయ రావాలంటే ముందు మడికి తడి అందాలి. తడి అందాలంటే మోటారు తిరగాలి. అందుకే ఈరోజు బేరింగు గురించి మాట్లాడుకుందాం.

సోలార్ పంపుకు కరెంటు ఇన్వర్టర్ గుండా వస్తుంది. వేగం మార్చే డ్రైవ్ పెట్టిన మోటారుకూ అంతే. అది కరెంటును సెకనుకు వేలసార్లు ముక్కలు చేసి పంపుతుంది. మామూలు లైనులో మూడు ఫేజుల వోల్టేజీలు కలిపితే సున్నా అవుతుంది. ఇన్వర్టర్‌లో అలా కుదరదు, కొంత మిగులుతుంది. ఆ మిగులు వైండింగు నుంచి రోటరుకూ షాఫ్టుకూ చేరుతుంది. అక్కడి నుంచి ఎర్తుకు పోవడానికి దానికి దొరికే దారి బేరింగే. గ్రీజు పొర కాసేపు ఆపుతుంది, ఆ తర్వాత నిప్పురవ్వ ఎగురుతుంది. ప్రతి రవ్వకూ ఉక్కు మీద కంటికి కనపడనంత గుంట పడుతుంది. పోనుపోను గోళీలు తిరిగే దారిలో వరుస చారలు పడతాయి, గ్రీజు నల్లబడుతుంది, మోటారు మూలుగుతుంది.

కారణం చూడకుండా కొత్త బేరింగు వేస్తే అదీ పోతుంది. కాబట్టి పాతదాన్ని పారేయొద్దు. కోయించి లోపల చారలున్నాయేమో చూడండి. ఉంటే మెకానిక్‌తో ఇవి చేయించాలి:

1. మోటారు బాడీ నుంచి ఇన్వర్టర్ ఎర్తుకు పొట్టిగా, గట్టిగా తీగ బిగించాలి. మోటారు పక్కన పాతిన చువ్వ ఒక్కటే చాలదు.

2. ఇన్వర్టర్‌కూ మోటారుకూ మధ్య కేబుల్ పొట్టిగా, లోహపు అల్లిక తొడుగు ఉన్నదిగా ఉండాలి.

3. ఇన్వర్టర్ స్విచింగ్ సెట్టింగు అవసరానికి మించి ఉంటే తగ్గించాలి.

4. అప్పటికీ ఆగకపోతే షాఫ్టుకు ఎర్తింగ్ బ్రష్ గానీ, సిరామిక్ గోళీల బేరింగు గానీ వేయించాలి.

బోరులో దించే నీళ్లు నింపిన మోటార్లకు సాధారణంగా గోళీల బేరింగులుండవు కాబట్టి వాటికి ఈ బెడద తక్కువ. అక్కడ పొడవాటి కేబుల్ వల్ల వోల్టేజీ ఎగసి వైండింగు దెబ్బతింటుంది. దానికి ఫిల్టర్ అడగాలి.

ఒక జాగ్రత్త. స్విచ్ ఆపినా ఇన్వర్టర్‌లో కాసేపు కరెంటు నిలిచే ఉంటుంది. ఎండ ఉన్నంతసేపూ ప్యానెళ్లలో ఉంటుంది. మనంతట మనం పెట్టె విప్పొద్దు.

2019లో వచ్చిన పీఎం కుసుమ్ పథకం కింద పంపు అమర్చినవారే 5 ఏళ్ల పాటు మరమ్మతులు చూడాలి. ఆ గడువులో బేరింగు పోతే ముందు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకుందాం. పంపు అప్పగించే రోజే ఎర్తింగ్ కొలిచి, ఆ కాగితం రైతు చేతికివ్వాలని అందరం కలిసి అడుగుదాం. ఎండిన మడికి ఆ తర్వాత ఎవరు పరిహారమిచ్చినా పోయిన పంట తిరిగి రాదు.