తనిఖీవారు అడిగిన కాగితాలు

(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాటకూ కూచిపూడికీ నడుమ ఈ పళ్ళ డాక్టర్ల గోల ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. కార్యదర్శిగారు మాట్లాడి తీరాలని పట్టుబట్టారు. పైగా ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లల్లో ఈ వృత్తి వైపు చూస్తున్నవారున్నారు. చూడనివారికైనా ఏదో ఒకనాడు ఆ కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చోక తప్పదు. అందుకని మా దంతవైద్యశాలలో జరిగిన తనిఖీ ముచ్చట మనవి చేస్తాము.

ఐర్లండులో పళ్ళ డాక్టరు గదిని తనిఖీ చేసేదెవరు అని అడిగితే ఒక్క ముక్కలో జవాబు రాదు. 1928 నాటి పాత చట్టం స్థానంలో 1985లో దంతవైద్యుల చట్టం వచ్చింది. దాని కింద డెంటల్ కౌన్సిల్ ఏర్పడింది. ఆ చట్టం ముఖ్యంగా మనిషిని చూస్తుంది. అతను చదివిన చదువేమిటి, రిజిస్టరులో పేరు ఉందా, ఫిర్యాదు వస్తే నిలబడతాడా అన్నవి దాని ప్రశ్నలు. అతను పనిచేసే గదికి లైసెన్సు ఇచ్చి, వేళకు వచ్చి చూసిపోయే ఏర్పాటు అందులో లేదు. సరిహద్దు దాటి బెల్‌ఫాస్టు వైపు వెళితే, ప్రైవేటుగా పళ్ళు చూసే చోట్లను రిజిస్టరు చేసి తనిఖీ చేయడానికి ఆర్.క్యు.ఐ.ఎ. అనే సంస్థ ఉంది. ఇంగ్లండులో 2011 నుంచి సి.క్యు.సి. ఆ పని చేస్తోంది. ఒకే సముద్రగాలి పీల్చే ఇరుగుపొరుగుల మధ్య ఇంత తేడా!

మరి మా దగ్గరకు తనిఖీ ఎలా వచ్చిందంటే, వీధి వాకిట కాదు, దొడ్డి వాకిట వచ్చింది. ఎక్స్‌రే యంత్రం ఉన్నది గనుక వచ్చింది. ఆ యంత్రం పెట్టుకోవాలంటే పర్యావరణ సంస్థ ఇ.పి.ఎ. అనుమతి ఉండాలి. రోగి మీద పడే కిరణాల సంగతి మాత్రం హిక్వా అనే సంస్థ చూస్తుంది. 2018లో వచ్చిన నిబంధనల ప్రకారం 2019 నుంచి ఆ అధికారం వారిది.

పంటికి తీసే చిన్న ఎక్స్‌రేకి ఇంత హంగామా ఎందుకని మేమూ విసుక్కున్నవాళ్ళమే. ఈ దేశంలో మనిషికి ఏడాదికి సగటున అందే కిరణాల మోతాదు సుమారు 4 మిల్లీసీవర్టులు. అందులో పెద్ద వాటా నేలలోంచి వచ్చే రేడాన్ వాయువుదే. ఈ చిన్న ఎక్స్‌రే ఇచ్చేది అందులో ఒక రోజు పాలు కూడా ఉండదు. అయినా ఆ కొంచెమూ ఎందుకు ఇచ్చావో చెప్పమంటుంది నిబంధన. అలవాటుగా, వచ్చిన ప్రతి పిల్లవాడికీ తీసి పారెయ్యకూడదన్నమాట.

తనిఖీ తేదీ తెలిసిన దగ్గరనుంచి పెళ్ళివారింటి హడావిడే. గోడలు కడిగాము, కుర్చీలు తుడిచాము. తీరా ముందురోజు రాత్రి రోగుల కార్డులు ముందేసుకుని కూర్చుంటే గుండె జారింది. ఎక్స్‌రే తీసినట్టు ఉంది, ఎందుకు తీశామో చాలా వాటిలో రాసి లేదు. కారణం లేక కాదు. వాపో, నొప్పో, లోపల పుచ్చో మా మనసులో ఉంది, కాగితం మీద లేదు. మాలో ఒకరు పెన్ను తీసి, "తెలిసిన సంగతే కదా, ఇప్పుడు రాసేద్దాం" అన్నారు. అబద్ధం రాయడం లేదు కదా అన్నది ఆయన వాదన. రాసేది నిజమే అయినా, ఆనాడే రాశామని చూపడం అబద్ధమే కదా అన్నది మిగతావారి మాట. అర్ధరాత్రి దాటేదాకా వాదించుకున్నాము. మాటా మాటా పెరిగింది కూడాను. చివరకు పెన్ను మూసి ఇళ్ళకు పోయాము.

మర్నాడు వచ్చినవారు మేము కడిగిన గోడల వంక చూడనేలేదు. కూర్చుని కాగితాలు అడిగారు. ఇక్కడ బాధ్యుడెవరు, యంత్రాన్ని పరీక్షించిన రికార్డు ఏది, వైద్య భౌతికశాస్త్ర నిపుణుడి ప్రమేయం ఏపాటిది, మీ మోతాదులను దేశం మొత్తానికి పెట్టిన ప్రమాణంతో పోల్చి చూశారా, గర్భవతులను అడిగే పద్ధతి ఏమిటి. అన్నీ మర్యాదగానే అడిగారు. కారణాలు రాయని కార్డులు వాళ్ళ కంటపడ్డాయి. నివేదికలో ఆ లోపం ఎక్కింది. ఆ నివేదికలు నలుగురూ చదివేలా ప్రకటిస్తారు. కొన్నాళ్ళు రోగుల మొహం చూడటానికి మొహమాటపడ్డ మాట నిజం. తరువాత పద్ధతి మార్చుకున్నాము. ఇప్పుడు కారణం రాయనిదే మీట నొక్కము.

అసలు చెప్పదలచింది ఇంకొకటి. ఆ దెబ్బతో మరో పుస్తకం తెరిచాము. పనిముట్లు శుద్ధిచేసే ఆటోక్లేవు పుస్తకం. అది మన కుక్కరుకు పెద్దన్న. లోపల ఆవిరి 134 డిగ్రీలకు చేరి కనీసం 3 నిమిషాలు నిలవాలి. సన్నని గొట్టాల లోపలికి కూడా ఆవిరి చేరుతున్నదా అని పొద్దున్నే ఒక పరీక్ష చేసి రాయాలి. కుక్కరయితే విజిలు వేసి చెబుతుంది, దీనికి పుస్తకమే సాక్షి. అందులో నాలుగు రోజులు ఖాళీ! నర్సు సెలవులో ఉంది, పరీక్ష చేశామో లేదో మాలో ఎవరికీ గట్టిగా గుర్తులేదు. ఆ పుస్తకం వారు అడగలేదు, వారు వచ్చిన పని అది కాదు. ఎక్స్‌రే కార్డుల్లో కారణమైనా మాకు తెలుసు, ఇక్కడ అదీ లేదు. ఆ నాలుగు గడులూ అలాగే ఉంచి, పక్కన "రాయలేదు" అని సంతకాలు చేశాము.

ఇప్పుడు ఆ పుస్తకం వచ్చినవారు చూడటానికి ముందు గదిలోనే పెట్టాము. ఇంతవరకు తెరిచి చూసింది ఒక్కరే, కడప నుంచి కూతురింటికి వచ్చిన పెద్దావిడ. కళ్ళజోడు సవరించుకుని పేజీలు తిప్పి, "ఈ నాలుగు రోజులూ ఏమైంది నాయనా?" అని అడిగారు. ఉన్న సంగతి చెప్పాము. ఇంకో రెండు పేజీలు తిప్పి చూసి, పుస్తకం మూసి, వచ్చి కుర్చీలో కూర్చున్నారు.