నాలుగేళ్ళ డిగ్రీ, అయిదేళ్ళ నిబంధన

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీ వారు నాకు ‘విదేశాలలో అవకాశాలు’ అని విషయం ఇచ్చారు. ఇంజనీర్ల సంగతి చెప్పడానికి ఈ పందిట్లోనే నాకంటే బాగా తెలిసినవాళ్ళు పాతికమందైనా ఉంటారు. ఎవరూ పెద్దగా మాట్లాడని ఫార్మసీ వాళ్ళ సంగతి చెబుదామనుకున్నాను. ఇంజనీరుకి ఫార్మసీ గొడవ ఎందుకని అడుగుతారేమో. మా ఆవిడ ఫార్మసిస్టు. 1997లో ఇక్కడే బి.ఫార్మసీ పూర్తిచేసి, తరవాత కెనడాలో లైసెన్సు తెచ్చుకుంది. చదివింది, పరీక్షలు రాసింది ఆమె. అప్లికేషన్లు నింపింది, ఫైళ్ళు కట్టింది నేను. అందుకని ఆ దారిలో గతుకులు ఎక్కడున్నాయో నాకూ కొంత తెలుసు.

నాకు తరచు వచ్చే ఫోను ఒకటుంది. “మా అమ్మాయి బి.ఫార్మసీ ఫైనలియర్‌లో ఉంది. అమెరికా వెళ్ళి ఫార్మసిస్టు అవుతానంటోంది. ఏ పరీక్ష రాయాలి?” అని. జవాబు చెప్పడానికి నాకు ప్రతిసారీ మొహమాటంగానే ఉంటుంది. ఎందుకంటే సంగతి పరీక్ష దాకా వెళ్ళదు.

అమెరికాలో బయటిదేశాల ఫార్మసీ డిగ్రీలను పరిశీలించే సంస్థ నేషనల్ అసోసియేషన్ ఆఫ్ బోర్డ్స్ ఆఫ్ ఫార్మసీ. పొట్టిగా ఎన్.ఏ.బి.పి. వాళ్ళిచ్చే ఎఫ్.పి.జి.ఇ.సి. సర్టిఫికెట్ ఉంటేనే చాలా రాష్ట్రాల్లో తరవాతి మెట్టు ఎక్కనిస్తారు. దానికి వాళ్ళ నిబంధన ఇది: 2003 జనవరి 1వ తేదీకి ముందు డిగ్రీ పొందినవాళ్ళకు నాలుగేళ్ళ కోర్సు చాలు. ఆ రోజునగానీ, ఆ తరవాతగానీ పొందినవాళ్ళది కనీసం అయిదేళ్ళ కోర్సు అయి ఉండాలి. మన బి.ఫార్మసీ నాలుగేళ్ళు.

మా ఇంట్లోనే చూడండి. మా ఆవిడ, మా మరదలు ఒకే కాలేజీలో చదివారు. పాఠం చెప్పిన లెక్చరర్లు కూడా ఇంచుమించు వాళ్ళే. మా ఆవిడది 1997 డిగ్రీ, మా మరదలిది 2005 డిగ్రీ. అక్కకి అమెరికా తలుపు తెరిచే ఉంది, చెల్లెలికి మూసేశారు. మార్కులు చెల్లెలికే ఎక్కువ!

ఇక్కడే మా తరంవాళ్ళతో ఒక చిక్కు వచ్చింది. 1990లలో చదివి అమెరికాలో ఫార్మసిస్టులయినవాళ్ళు ఈ రోజుకీ తమ్ముళ్ళకు, మేనకోడళ్ళకు తాము నడిచిన దారే చెబుతున్నారు. వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు, వాళ్ళకు అది నిజమే. కానీ ఆ దారి 2003లోనే మూతపడింది. నేను చూసినంతలో పిల్లలు మోసపోవడం ఏజెంట్ల వల్ల కొంత అయితే, ప్రేమగల బంధువుల పాత సలహాల వల్ల అంతకంటే ఎక్కువ.

“పైన రెండేళ్ళ ఎం.ఫార్మసీ కలిపితే ఆరేళ్ళు అవుతుంది కదండీ” అని అడుగుతారు. అవదు. వాళ్ళు చూసేది ఫార్మసిస్టు వృత్తికి మొదటి డిగ్రీ ఎన్నేళ్ళన్నది. అలాగే అమెరికాలో ఫార్మాస్యూటిక్స్‌లోనో, రెగ్యులేటరీ అఫైర్స్‌లోనో ఎం.ఎస్. చేస్తే కంపెనీల్లో మంచి ఉద్యోగాలే వస్తాయి. అవి వేరు, కౌంటరు దగ్గర నిలబడి రోగికి మందిచ్చే లైసెన్సు వేరు. ఈ రెండూ ఒకటే అనుకుని లక్షలు అప్పుచేసి వెళ్ళినవాళ్ళు నాకు తెలుసు.

అమెరికావాళ్ళు మన మీద కక్షకొద్దీ ఇలా చేశారనుకోనక్కర్లేదు. వాళ్ళ దేశంలోనే పాత బ్యాచిలర్ డిగ్రీ తీసేసి ఫార్మ్ డి మాత్రమే ఫార్మసిస్టు చదువుగా చేసుకున్నారు. మన దగ్గర 1948 ఫార్మసీ చట్టం కింద రెండేళ్ళ డిప్లొమా చేసినవాళ్ళు కూడా రిజిస్టర్డ్ ఫార్మసిస్టులే. కొలబద్దలు వేరు. మన ఫార్మసీ కౌన్సిల్ కూడా 2008లో ఫార్మ్ డి ప్రవేశపెట్టింది. ఇంటర్ తరవాత ఆరేళ్ళు, ఆఖరి ఏడాది ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. ఆ చదువు చదివినవాళ్ళకు ఏళ్ళ లెక్క దగ్గర ఇబ్బంది లేదు. అంటే అమెరికా వెళ్ళాలా వద్దా అన్న ప్రశ్న బి.ఫార్మసీ పట్టా చేతికొచ్చాక వేసుకునేది కాదు, ఎంట్రన్స్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేరోజున వేసుకోవాల్సింది. ఆ రోజున మన ఇళ్ళలో మాట్లాడేది ఫీజు ఎంత, కాలేజీ బస్సు ఏ ఊరిదాకా వస్తుంది అని.

ఏళ్ళ లెక్క కుదిరినవాళ్ళు తరవాత ఎఫ్.పి.జి.ఇ.ఇ. అనే పరీక్ష, టోఫెల్ రాస్తారు. టోఫెల్‌లో నాలుగు భాగాలుంటే చాలా ఏళ్ళుగా వాళ్ళు అన్నిటికంటే ఎక్కువ అడుగుతూ వచ్చింది మాట్లాడే భాగంలో, 30కి 26. చదవడంలోనూ రాయడంలోనూ అంత అడగలేదు. ఆ తరవాత రాష్ట్రంలో ఇంటర్న్‌గా పనిచేయాలి, చాలాచోట్ల 1500 గంటలు. ఆపైన నాప్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష, ఫార్మసీ చట్టం మీద ఇంకో పరీక్ష. రాష్ట్రం మారితే వివరాలు మారతాయి.

కెనడా సంగతి వేరు. అక్కడ మన నాలుగేళ్ళ డిగ్రీని పరిశీలనకు తీసుకుంటారు. బి.ఫార్మసీ వాళ్ళు ఇప్పుడు అటువైపు ఎక్కువగా చూడడానికి ఇదొక కారణం. ఫార్మసీ ఎగ్జామినింగ్ బోర్డ్ ఆఫ్ కెనడా మొదట కాగితాలు చూస్తుంది. తరవాత ఎవాల్యుయేటింగ్ పరీక్ష. అది ప్యాసైతే క్వాలిఫయింగ్ పరీక్ష, అందులో రెండు భాగాలు: ఒకటి రాతపరీక్ష, రెండోది ఆస్కీ అని, మనిషి ఎదురుగా చేసి చూపించే పరీక్ష. ఎన్నిసార్లయినా రాస్తామంటే కుదరదు, ప్రయత్నాలకు పరిమితి ఉంది. ఆ తరవాత ఏ రాష్ట్రంలో పనిచేస్తారో ఆ రాష్ట్రపు కాలేజ్ ఆఫ్ ఫార్మసిస్ట్స్ దగ్గర చట్టం పరీక్ష, పనిలో సామర్థ్య పరీక్ష. కాలేజ్ అంటే చదువుకునే కాలేజీ కాదు, లైసెన్సు ఇచ్చే సంస్థ. క్వెబెక్ రాష్ట్రానిది పూర్తిగా వేరే పద్ధతి. ఫ్రెంచి భాష మాట అటుంచి, ఈ బోర్డు పరీక్షలతో అక్కడ సంబంధమే లేదు.

మాకు కాగితం పెట్టిన రోజునుంచి లైసెన్సు చేతికొచ్చేదాకా మూడేళ్ళు దాటింది. ఆ మూడేళ్ళూ ఆమె ఒక మందుల షాపులో అసిస్టెంటుగా పనిచేసింది. ఇక్కడ ఆసుపత్రి ఫార్మసీ నడిపిన మనిషి, అక్కడ ట్రేలో మాత్రలు అయిదేసి చొప్పున లెక్కపెట్టి సీసాల్లో పోసేది. బంధువులు “డిగ్రీ చదివి ఇదేం పని” అన్నారు. నన్నడిగితే ఆమెను గట్టెక్కించింది ఆ కౌంటరే. ఎందుకో చెబుతాను.

మందుల శాస్త్రం మనవాళ్ళకు బాగానే వచ్చు. తడబడేది పేర్లదగ్గర, కొలతలదగ్గర. మన పారాసిటమాల్ అక్కడ ఎసిటమినోఫెన్. గ్లిబెన్‌క్లమైడ్ గ్లైబ్యూరైడ్. రిఫాంపిసిన్ రిఫాంపిన్. పెథిడిన్ మెపెరిడిన్. సాల్బుటమాల్‌కి కెనడాలో అదే పేరు, సరిహద్దు దాటి అమెరికాకి వెళ్తే ఆల్బుటెరాల్. కెనడాలో చక్కెర కొలత కూడా మనది కాదు. పరగడుపున 126 అంటే మనకు షుగరు. అక్కడ 7 అంటారు. 180 అంటే 10. పద్ధెనిమిదితో భాగించుకోవాలి. ఇంజనీరుగా నాకు యూనిట్ల మార్పు సరదాగానే ఉండేది గానీ, ఎదురుగా రోగి నిలబడి ఉండగా భాగహారం చేసుకోవడం సరదా కాదు. అది రోజూ కౌంటరులో విని విని ఒంటబట్టాల్సిందే.

అసలు కష్టం ఆస్కీలో. ఒక గదిలోకి వెళ్తే రోగి వేషంలో ఒకరు కూర్చుని ఉంటారు. ఒక మూల పరీక్షకుడు కాగితం పట్టుకుని చూస్తుంటాడు. పది నిమిషాలలోపే వ్యవహారం తేలాలి. మోకాలు నొప్పికి ఐబుప్రోఫెన్ కావాలని ఒక పెద్దావిడ అడుగుతుంది అనుకోండి. మన దగ్గర అయితే స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చేస్తాం. అక్కడ “ఇంకేమైనా మందులు వాడుతున్నారా అమ్మా” అని అడగాలి. గుండెకోసం వార్ఫరిన్ వేసుకుంటున్నానని ఆవిడ తనంతట తాను చెప్పదు. అడిగితేనే చెబుతుంది. రెండూ కలిస్తే రక్తస్రావం ప్రమాదమని ఫార్మకాలజీలో అందరూ చదివారు. ఆ ఒక్క ప్రశ్న అడిగారా లేదా అన్నదే మార్కు. కొన్ని గదుల్లో రోగి ఉండడు, డాక్టరుతో మాట్లాడాలి. “మీరు రాసిన మోతాదు ఎక్కువైంది, తగ్గించమంటారా” అని చెప్పగలగాలి. డాక్టరుగారి చీటీని ప్రశ్నించడమా! మనం పెరిగిన పద్ధతిలో అది నోటికి రాదు. మా ఆవిడ వంటింట్లో ప్రాక్టీసు చేసేటప్పుడు నేను రోగిని, డాక్టరుని, మందు ఇంకా ఇవ్వలేదని అరిచే కస్టమరుని. ఆ చివరి వేషం నాకు బాగా కుదిరిందని ఆమె ఇప్పటికీ అంటుంది.

మాటమీద అంత పట్టుదల ఎందుకంటే అక్కడ ఫార్మసిస్టు చేసే పని అది. ఒంటారియోలో 2023 జనవరి నుంచి కొన్ని చిన్న జబ్బులకు ఫార్మసిస్టే మందు రాసి ఇస్తున్నారు. టీకాలు వేస్తున్నారు. డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా నేరుగా ఆ కౌంటరు దగ్గరికి వచ్చే మనిషికి చివరి కాపలా ఆ ఫార్మసిస్టే. నేను ఫ్యాక్టరీలో చేరినరోజున నన్ను లైసెన్సు అడగలేదు, నా డ్రాయింగుల మీద సంతకం పెట్టే లైసెన్సు ఇంజనీరు వేరే ఉన్నాడు. ఆమెకు అలా వెనకాల ఎవరూ ఉండరు. అందుకే ఇంజనీర్లమైన మేం “అంత కష్టమేముందిలే” అనడం నాకు నచ్చదు.

బ్రిటన్‌లో ఏడాది ఓస్పాప్ కోర్సు, ఏడాది శిక్షణ, ఆపైన పరీక్ష. గల్ఫ్ దేశాల్లో సర్టిఫికెట్లు అసలైనవేనా అని ముందు తనిఖీ చేయించి, కంప్యూటర్ పరీక్ష పెడతారు. వాటి వివరాలు చెబితే భోజనాలు చల్లారిపోతాయి.

మా మాస్టార్లకు మాత్రం ఒక మాట చెప్పి కూర్చుంటాను. మూడేళ్ళలో మాకు ఏడునెలలు పోయింది పరీక్షలవల్ల కాదు, పేరువల్ల. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం. డిగ్రీలో ఇంటిపేరు పూర్తిగా. పాస్‌పోర్టులో నా ఇంటిపేరు. మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులు! ఈ ముగ్గురూ ఒకరేనని నోటరీ అఫిడవిట్లు, పెళ్ళి సర్టిఫికెట్ పంపించాం. యూనివర్సిటీ నుంచి సీలు కవరులో నేరుగా బోర్డుకి వెళ్ళాల్సిన మార్కుల జాబితాలో పేరు సరిగ్గా లేదని తిరిగొచ్చింది. ఆ యూనివర్సిటీ పేరు ఇక్కడ చెప్పను, సెక్షనులో గుమాస్తా మారాకే పని అయిందని మాత్రం చెబుతాను.

ఆ పేరు మొదట ఎక్కడ రాశారు? ఇలాంటి హైస్కూలు ఆఫీసు గదిలోనే, పదో తరగతి నామినల్ రోల్స్‌లో. అక్కడ పొడి అక్షరాలు రాస్తే ఇంటరుకీ డిగ్రీకీ అవే పాకుతాయి. దయచేసి ఈ ఏడాది నుంచి నామినల్ రోల్స్‌లో ఇంటిపేరు, పేరు విప్పి పూర్తిగా రాయించండి. ఆధార్‌తో అక్షరం అక్షరం సరిపోల్చి, తల్లిదండ్రులచేత ఒకసారి చదివించి సంతకం పెట్టించండి. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం, పెళ్ళయ్యాక వాళ్ళ పేర్లే ఎక్కువగా మారేది. ఇది ఫార్మసీ వాళ్ళకే కాదు, నర్సులకూ టీచర్లకూ ఇదే అవస్థ.

ఏ దేశానికి ఎన్నేళ్ళ డిగ్రీ, ఏ సంస్థ, ఏ పరీక్ష అన్నది ఒక పేజీలో రాసి జిరాక్సులు తెచ్చాను. రిజిస్ట్రేషన్ బల్ల మీద ఉన్నాయి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆ సంస్థల వెబ్‌సైటులో చూసుకున్నాకే డబ్బు కట్టండి. ఇందాక మా సైన్సు మాస్టారు తన మనవరాలి గురించి అడిగారు. మాస్టారూ, అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరమే కదా, తొందరేం లేదు, భోజనాల దగ్గర కూర్చుని మాట్లాడుకుందాం.